సొంతంగా కట్టుకునే చిన్న విమానం: చక్రాలు, గాలిబ్రేకులు, వాటి ఎంపిక

విమానాన్ని కర్మాగారం నుంచి కొనకుండా ఇంటి గ్యారేజీలోనో అద్దెకు తీసుకున్న షెడ్డులోనో సొంత చేతులతో కట్టుకుని ఎగరవేసే ఔత్సాహికులు అమెరికాలో వేలసంఖ్యలో ఉన్నారు. విమానంలో సగానికి మించిన భాగాన్ని విద్య కోసమో వినోదం కోసమో ఔత్సాహికులే నిర్మించారని రుజువు చేస్తే దానికి ప్రయోగాత్మక తరగతి కింద ఎగిరే అనుమతినిచ్చే నిబంధన అక్కడి పౌర విమానయాన చట్టంలో ఉంది. 1953లో పాల్ పొబరెజ్నీ మిల్వాకీలో స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఈ నిర్మాతలకు పెద్ద అండగా నిలిచింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్‌లో ఆ సంస్థ ఏటా వేసవిలో జరిపే మేళాలో ఇలా ఇళ్లలో పుట్టిన విమానాలు బారులు తీరి నిలబడతాయి. ఆ బారుల వెంట నడిచేవారికి రెక్కల ఆకారంలో కంటే చక్రాల అమరికలోనే ఎక్కువ తేడాలు కనిపిస్తాయి. కొన్నింటికి తోక కింద చిన్న చక్రం, కొన్నింటికి ముక్కు కింద చక్రం, కొన్నింటికి పొట్ట మధ్య ఒకే ఒక్క చక్రం ఉంటాయి. కొన్ని చక్రాలను కడుపులోకి ముడుచుకుంటాయి, ఎక్కువ భాగం వాటిని గాలిలోనే వేలాడదీసుకుని పోతాయి.

ఈ తేడాల వెనుక అభిరుచి కొంత ఉన్నా లెక్క అంతకంటే ఎక్కువ ఉంది. విమానం ముందుకు పోతున్నప్పుడు గాలి దాన్ని వెనక్కి లాగే బలాన్ని గాలి నిరోధం అంటారు, ఆంగ్లంలో డ్రాగ్ అనేది దీన్నే. నిర్మాత నెలల తరబడి కూర్చుని ప్రతి అతుకునూ నున్నగా రుద్ది, ప్రతి సందునూ పూడ్చి తగ్గించేది ఈ నిరోధాన్నే; అయితే ప్రయాణం ముగిసి నేలకు దిగే చివరి రెండు నిమిషాల్లో అదే నిరోధం కావలసినంత లేక విమానం రన్‌వే మీద తేలిపోతూ ఉంటే చిక్కులో పడేవాడూ అతడే. అందుచేత ల్యాండింగ్ గేర్ అనే చక్రాల వ్యవస్థనూ, కావాలన్నప్పుడు నిరోధాన్ని పెంచే ఫ్లాపులు, స్పాయిలర్లు, గాలిబ్రేకుల వంటి సాధనాలనూ వేర్వేరు అధ్యాయాలుగా విడదీసి ఆలోచించడం, పాఠ్యగ్రంథాలకు అలవాటే అయినా, నిర్మాతకు మేలు చేయదు. గాలిలో వేలాడే చక్రం కూడా ఒక గాలిబ్రేకే, దాన్ని ముడిచేస్తే ఆ బ్రేకు పనిని మరొక సాధనానికి అప్పగించవలసి వస్తుంది.

చక్రాలు ఎంత నిరోధాన్ని కలిగిస్తాయన్న ప్రశ్నకు మొదటి గట్టి జవాబు 1920ల చివర అమెరికా ప్రభుత్వ వైమానిక పరిశోధన సంస్థ నాకా నుంచి వచ్చింది. వర్జీనియాలోని లాంగ్లీ ప్రయోగశాలలో, అసలు విమానాన్నే నిలబెట్టి పరీక్షించగలిగినంత పెద్ద గాలి సొరంగంలో, స్పెర్రీ మెసెంజర్ అనే చిన్న విమానాన్ని పరీక్షించినప్పుడు, బయటికి వేలాడే చక్రాలూ వాటి కాళ్లూ కలిసి విమాన దేహపు నిరోధంలో 40 శాతం వరకూ కారణమవుతున్నాయని తేలింది. గుండ్రని కడ్డీ గాలిని చీల్చుకుపోయేటప్పుడు దాని వెనుక గాలి సుళ్లు తిరిగి అల్పపీడనం ఏర్పడుతుంది. అదే మందం గల కడ్డీకి వెనుక కోసుగా సాగే కన్నీటి బొట్టు ఆకారపు తొడుగు వేస్తే గాలి అంటిపెట్టుకుని సాఫీగా కలుసుకోవడం వల్ల నిరోధం ఎన్నో రెట్లు తగ్గుతుంది. కాబట్టి చక్రాల నిరోధం తగ్గించడానికి వాటిని ముడవడం ఒక్కటే దారి కాదన్న సంగతి ఆనాడే స్పష్టమైంది. చక్రానికి తొడుగు, కాలికి తొడుగు, ఆ రెండూ కలిసే మూలలోనూ కాలు దేహంలో చేరే మూలలోనూ గాలి చిక్కుపడకుండా గుండ్రంగా పూడ్చిన పూత, ఈ మూడూ సరిగా కుదిరితే చాలావరకు పని పూర్తవుతుంది. మూడింటిలోనూ కంటికి ఆనని ఆ మూలల పూతే తరచు అన్నిటికంటే ఎక్కువ ఫలితమిస్తుంది, నిర్మాతలు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేదీ దాన్నే.

దీనికి మైక్ ఆర్నల్డ్ కాలిఫోర్నియాలో కట్టిన ఏఆర్-5 అనే ఒంటి సీటు విమానం మంచి నిదర్శనం. కేవలం 65 అశ్వశక్తి గల రెండు స్ట్రోకుల రోటాక్స్ ఇంజనుతో అది 1992లో తన బరువు తరగతిలో గంటకు 343 కిలోమీటర్ల ప్రపంచ రికార్డు సాధించింది. దాని చక్రాలు ముడుచుకునేవి కావు. తొడుగుల ఆకారం మీదా మూలల పూత మీదా నిర్మాత పెట్టిన శ్రద్ధ ముడిచే యంత్రాంగం చేయవలసిన పనిలో చాలాభాగాన్ని చేసిపెట్టింది.

ముడుచుకునే చక్రాల లాభాన్ని ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. నిరోధం వేగపు వర్గం మేరకు పెరుగుతుంది కనుక దాన్ని అధిగమించడానికి కావలసిన ఇంజను శక్తి వేగపు ఘనం మేరకు పెరుగుతుంది. అంటే అదే ఇంజనుతో నిరోధాన్ని ఎంత తగ్గించినా వేగం దాని ఘనమూలం మేరకే పెరుగుతుంది. గంటకు 280 కిలోమీటర్లు పోయే విమానంలో తొడుగుల్లేని చక్రాలు మొత్తం నిరోధంలో 15 శాతమనుకుంటే, వాటిని పూర్తిగా మాయం చేసినా వేగం అయిదున్నర శాతం, అంటే సుమారు 15 కిలోమీటర్లు పెరుగుతుంది. మంచి తొడుగులతో ఆ 15 శాతాన్ని ముందే 7 శాతానికి దించి ఉంటే, ఆ తరువాత ముడవడం వల్ల అదనంగా దక్కేది ఏడు కిలోమీటర్లు మాత్రమే. ఆ ఏడు కిలోమీటర్ల కోసం హైడ్రాలిక్ పంపు గానీ విద్యుత్ మోటారు గానీ, తాళం పడిందని చెప్పే దీపాలు, చక్రం దాగే గూడు, ఆ గూటి కోసం రెక్కలో కోసిన రంధ్రం చుట్టూ బలపరిచే అదనపు నిర్మాణం, పంపు పాడైతే చేతితో దించే ఏర్పాటు, ఇవన్నీ మోయవలసి వస్తుంది. వీటన్నిటికీ మించి, చక్రాలు దించడం మరచి పొట్ట మీద దిగే అవకాశాన్ని జీవితాంతం వెంట తిప్పుకోవలసి వస్తుంది. గంటకు 350 కిలోమీటర్లు దాటి, వందల కిలోమీటర్ల దూరాలు తరచు ప్రయాణించే విమానానికి ఈ బేరం గిట్టుతుంది. ఆదివారం ఉదయం పక్క పట్టణానికి వెళ్లివచ్చే విమానానికి గిట్టదు.

వాషింగ్టన్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్ నుంచి 1980ల్లో కిట్టు రూపంలో అమ్ముడైన గ్లాసెయిర్ ఈ బేరాన్ని కొనేవారి ముందే పెట్టింది. ఒకే ఫైబర్‌గ్లాస్ దేహానికి తోక చక్రం అమరిక ఒకటి, ముడుచుకునే ముక్కు చక్రం అమరిక ఒకటి, స్థిరమైన ముక్కు చక్రం అమరిక ఒకటి, ఇలా మూడు రకాలు లభించేవి. ఒకే రెక్క, ఒకే తోక ఉన్న ఈ మూడింటినీ పక్కపక్కన నిలబెడితే చక్రాల ప్రశ్నకు అందరికీ సరిపోయే జవాబు ఉండదని వేరే చెప్పనక్కరలేదు.

తోక చక్రమా ముక్కు చక్రమా అన్న వివాదం విమానయానమంత పాతది, కానీ అందులోని భౌతికశాస్త్రం చాలా సరళమైనది. విమానం బరువంతా ఒకచోట కేంద్రీకృతమైనట్టు భావించే బిందువును గురుత్వ కేంద్రం అంటారు. తోక చక్రం అమరికలో రెండు ప్రధాన చక్రాలు ఆ కేంద్రానికి ముందు ఉంటాయి. విమానం నేల మీద పరుగెత్తుతూ కాస్త పక్కకు తిరిగిందంటే, చక్రాల వద్ద పుట్టే ఘర్షణ ముందునుంచి అడ్డుపడుతుండగా వెనుకనున్న బరువు జడత్వంతో ముందుకే పోవాలని చూస్తుంది కాబట్టి, ఆ చిన్న తిరుగుడు తనంతట తానే పెద్దదై విమానం బొంగరంలా గిర్రున తిరిగిపోతుంది. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు; రెక్క కొన నేలకు తగలడం, చక్రపు కాలు విరగడం దాని సాధారణ ఫలితాలు. ముక్కు చక్రం అమరికలో ప్రధాన చక్రాలు గురుత్వ కేంద్రానికి వెనుక ఉంటాయి కనుక అదే ఘర్షణ విమానాన్ని తిరిగి తిన్నగా లాగుతుంది. పైలట్ పాదాల నేర్పు మీద ఆధారపడే స్థిరత్వానికీ చక్రాల స్థానమే ఇచ్చే స్థిరత్వానికీ ఉన్న తేడా ఇదే.

ముక్కు చక్రానికి చిన్న విమానాల లోకంలో మళ్లీ గౌరవం తెచ్చినవారిలో ఫ్రెడ్ వైక్ ముఖ్యుడు. మెసెంజర్ పరీక్షలు జరిగిన ఆ సొరంగం బాధ్యత చూసిన ఇంజనీరే ఆయన. 1934లో నాకాలోని కొందరు సహోద్యోగులతో కలిసి ఖాళీ వేళల్లో సొంతంగా ముక్కు చక్రం గల డబ్ల్యూ-1 అనే విమానాన్ని కట్టాడు. అంటే ఆధునిక శిక్షణ విమానాలు దాదాపు అన్నీ అనుసరిస్తున్న మూడు చక్రాల అమరికకు ఒక ముఖ్యమైన పూర్వరూపం ఔత్సాహికుల చేతుల మీదే తయారైందన్నమాట. ఆ అనుభవంతోనే ఆయన తరువాత ఎర్‌కూప్ విమానాన్ని రూపొందించాడు. పక్కగాలిలో ముక్కు కాస్త పక్కకు తిరిగి ఉండగానే నేలను తాకినా దాని చక్రాల అమరిక విమానాన్ని తానే తిన్నగా మళ్లిస్తుంది.

అయినా తోక చక్రం చనిపోలేదు, అందుకు బలమైన కారణాలున్నాయి. తోక చక్రం చిన్నది, తేలికైనది, దానికి నిరోధం దాదాపు లేనట్టే. ప్రొపెల్లర్ నేలకు ఎత్తుగా ఉంటుంది కనుక గడ్డి నేలల్లో, రాళ్ల బాటల్లో అది దెబ్బతినదు. ముక్కు చక్రానికి మెత్తటి నేల అతి పెద్ద శత్రువు: బురదలోనో గుంటలోనో దాని ఫోర్కు కూరుకుపోయి కాలు వెనక్కి మడతపడితే విమానం తలకిందులుగా పల్టీ కొట్టడం అరుదేమీ కాదు. ఆరెగన్ రాష్ట్రంలో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ నెలకొల్పిన సంస్థ అమ్మే ఆర్‌వీ కిట్ల నుంచి పదివేలకు పైగా విమానాలు ఇప్పటికే గాలిలోకి లేచాయి. వాటిలో ఆర్‌వీ-7 తోక చక్రంతోనూ, అదే దేహంతో ఆర్‌వీ-7ఏ ముక్కు చక్రంతోనూ దొరుకుతాయి. చివరన చేరిన ఆ ఒక్క అక్షరం మీద నిర్మాతలు ఏళ్ల తరబడి వాదించుకోగలరు. పచ్చిక మైదానం నుంచి ఎగిరేవాడు తోక చక్రాన్నీ, సిమెంటు రన్‌వే ఉండి ఏడాదికి పదుల గంటలు మాత్రమే ఎగిరేవాడు ముక్కు చక్రాన్నీ కోరుకోవడం సబబు. నేర్పు వాడకపోతే తగ్గిపోయే వస్తువని ఒప్పుకునే నిజాయితీ ఇందులో ఉండాలి.

చక్రాలను ఎక్కడ పెట్టాలన్నది అంగుళాల లెక్క. తోక చక్రం విమానంలో దేహాన్ని సమతలంగా నిలిపి గురుత్వ కేంద్రం నుంచి నిలువుగా ఒక గీత, అక్కడి నుంచే చక్రం నేలను తాకే చోటుకు మరొక గీత గీస్తే వాటి మధ్య కోణం 16 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలని రూపకర్తలు చెబుతారు. తక్కువైతే బ్రేకు నొక్కగానే ముక్కు నేలకు గుచ్చుకుంటుంది, ఎక్కువైతే తోక బరువెక్కి గ్రౌండ్ లూప్ స్వభావం ముదురుతుంది. ముక్కు చక్రం విమానంలో ఆ చక్రం మీద మొత్తం బరువులో 8 నుంచి 15 శాతం పడాలి. అంతకన్నా తక్కువైతే స్టీరింగు పట్టదు, ఎక్కువైతే ఎగిరేటప్పుడు ముక్కు లేవదు.

నేలను తాకే వేళ చక్రాల కాలు చేయవలసిన పని కిందికి పడుతున్న బరువు శక్తిని మింగడం. అమెరికాలో కర్మాగార విమానాలకు చాలాకాలం అమలైన నిబంధన ప్రకారం చిన్న విమానపు చక్రాలు సెకనుకు రెండు నుంచి మూడు మీటర్ల వేగంతో కిందికి దిగినా తట్టుకోవాలి; పరీక్ష కోసం చక్రాల వ్యవస్థను సుమారు 23 నుంచి 47 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలేసి చూసేవారు. ఔత్సాహికుణ్ణి ఆ నిబంధన కట్టిపడేయదు గానీ, నేల అతనికేమీ మినహాయింపు ఇవ్వదు. సెకనుకు మూడు మీటర్ల వేగంతో దిగే విమానాన్ని, దాని బరువుకు మూడు రెట్లు మించని బలంతో ఆపాలంటే, శక్తిని సగం సామర్థ్యంతో మింగే ఉక్కు స్ప్రింగు కాలు దాదాపు 30 సెంటీమీటర్లు వంగవలసి ఉంటుంది. చమురునూ గాలినీ ఇరుకు రంధ్రం గుండా నెట్టి శక్తిని వేడిగా మార్చే ఓలియో గొట్టానికి ఎనభై శాతం సామర్థ్యం ఉంటుంది కనుక 19 సెంటీమీటర్లు చాలు. అయినా ఇళ్లలో కట్టే విమానాల్లో ఓలియో అరుదు. సీళ్లు కారడం, గొట్టాన్ని కచ్చితమైన కొలతలకు లేతు మీద తిప్పవలసి రావడం, బరువు, ఇవన్నీ దానికి అడ్డు. పైపర్ కబ్ పద్ధతిలో ఉక్కు గొట్టాల త్రిభుజానికి రబ్బరు తాళ్లు చుట్టడం మరో దారి. ఇది చవక, కొన్నేళ్లకోసారి తాళ్లు మార్చుకుంటే సరిపోతుంది, కానీ ఆ గొట్టాల చిక్కుముడి అంతా గాలికి అడ్డమే.

చాలామంది నిర్మాతలు చివరికి చేరుకునేది స్టీవ్ విట్‌మన్ చూపిన దారికి. రేసు విమానాలు కట్టి నడిపిన విట్‌మన్ వేడిచికిత్స చేసిన ఉక్కు బద్దనే చక్రపు కాలుగా వాడే పద్ధతిని రూపొందించగా, 1940ల్లో సెస్నా సంస్థ దాని హక్కులు తీసుకుని 140 వంటి విమానాలకు అమర్చింది. ఆష్‌కాష్ విమానాశ్రయానికి నేడు ఉన్నది ఆయన పేరే. తరువాత ఆయన చివరికి సన్నబడే గుండ్రటి ఉక్కు కడ్డీని కాలుగా వాడాడు. ఆర్‌వీ-4, ఆర్‌వీ-6 వంటి విమానాలు ఆ కడ్డీనే ఇంజను అమర్చే చట్రానికి బిగించుకున్నాయి. అక్కడ నిర్మాణం ముందే బలంగా ఉంటుంది కాబట్టి కొత్త బలం చేర్చవలసిన పని తగ్గుతుంది, కడ్డీ సన్ననిది కనుక తొడుగు వేయడం సులువు. దీనికి ఒక లోపం ఉంది. స్ప్రింగు మింగిన శక్తిని దాచి ఉంచి తిరిగి ఇచ్చేస్తుంది. ఉక్కు కాలి విమానం గట్టిగా దిగితే మళ్లీ గాలిలోకి ఎగిరిపడుతుంది. ఆ ఎగిరిపాటును కొంతైనా తగ్గించేది కాళ్లు విచ్చుకుంటున్నప్పుడు టైర్లు నేల మీద పక్కకు రాసుకుపోయే ఘర్షణ మాత్రమే. తడి గడ్డి మీద ఆ ఘర్షణ కూడా దొరకదు. ఫైబర్‌గ్లాస్ విల్లు కూడా ఈ కోవలోనిదే అయినా తుప్పు పట్టదు, అచ్చులో పోసేటప్పుడే గాలికి అనువైన ఆకారం ఇచ్చుకోవచ్చు. అయితే బ్రేకుల వేడి దానికి సోకకుండా చూసుకోవాలి. 1977లో ఎగిరిన క్విక్కీ ఇంకా ముందుకు వెళ్లి కాళ్లనే తీసేసింది: దాని ముందు రెక్క కొనల్లోనే చక్రాలు అమర్చారు, రెక్కే స్ప్రింగు. 18 అశ్వశక్తి ఇంజనుతో ఎగిరే విమానానికి అంతటి పొదుపు అవసరమే, కానీ రెక్క కొన నుంచి కొన దాకా విస్తరించిన చక్రాలతో ఇరుకైన దారుల్లో నడపడం, మధ్యలో ఉబ్బి అంచులకు వాలిన రన్‌వే మీద తిన్నగా పరుగెత్తడం కష్టమని ఆ విమానాల యజమానులు త్వరలోనే తెలుసుకున్నారు.

ఇక దిగడం సంగతి. ఇంజను శక్తి తగ్గించినప్పుడు విమానం ఒక మీటరు ఎత్తు కోల్పోయేలోగా ఎన్ని మీటర్లు ముందుకు పోతుందో ఆ నిష్పత్తిని జారుడు నిష్పత్తి అనవచ్చు. అది రెక్క ఎత్తే బలానికీ నిరోధానికీ మధ్య నిష్పత్తే. రన్‌వే మొదట్లో 15 మీటర్ల చెట్లున్నాయనుకుంటే, 15 నిష్పత్తి గల నున్నటి విమానం ఆ చెట్ల కొనల నుంచి నేలకు రావడానికే 225 మీటర్లు ఖర్చు చేస్తుంది. ఫ్లాపులు దించి నిష్పత్తిని 7కు తెస్తే 105 మీటర్లతో సరిపోతుంది. నేలకు దగ్గరగా వచ్చాక పరిస్థితి మరింత ముదురుతుంది, ఎందుకంటే రెక్క పొడవు కంటే తక్కువ ఎత్తులో నేల రెక్క కొనల సుళ్లను అణచి నిరోధాన్ని ఇంకా తగ్గిస్తుంది. గంటకు 115 కిలోమీటర్లతో నేలను తాకవలసిన విమానం 130 కిలోమీటర్లతో వచ్చిందనుకుంటే, ఆ అదనపు వేగాన్ని గాలిలోనే కోల్పోవడానికి 15 నిష్పత్తితో సుమారు 217 మీటర్లు, 7 నిష్పత్తితో 101 మీటర్లు పడుతుంది. ఇలాంటి 217 మీటర్లే ఎన్నో చిన్న విమానాలను రన్‌వే చివరనున్న కంచెలోకి చేర్చాయి. ఎండాకాలంలో గాలి పలచబడటం దీనికి తోడవుతుంది: సముద్ర మట్టానికి అర కిలోమీటరు పైనున్న హైదరాబాద్ వంటి చోట 40 డిగ్రీల వేడిలో, అదే విమానం దిగడానికి సముద్రతీరపు ప్రామాణిక వాతావరణంలో కన్నా సుమారు 15 శాతం ఎక్కువ దూరం తీసుకుంటుంది.

నిరోధాన్ని పెంచే సాధనాల్లో ఫ్లాపుకు ప్రథమ స్థానం దక్కడం న్యాయమే, ఎందుకంటే అది రెండు పనులు చేస్తుంది. రెక్క వెనుక అంచులోని భాగాన్ని కిందికి వంచితే రెక్క వంపు పెరిగి, ఇంకా తక్కువ వేగంలోనూ విమానాన్ని మోయగలుగుతుంది. పూర్తిగా దించితే నిరోధమూ పెరుగుతుంది. రెక్క గరిష్ఠ ఎత్తుబలపు గుణకం 1.4 నుంచి 2.0కు పెరిగితే స్టాల్ వేగం, అంటే రెక్క ఇక మోయలేని కనీస వేగం, 16 శాతం తగ్గుతుంది. శక్తి వేగపు వర్గం మేరకు మారుతుంది కనుక బ్రేకులు మింగవలసిన శక్తి 30 శాతం తగ్గుతుంది. రెక్క కింది పొరను మాత్రమే రేకులా కిందికి తెరిచే స్ప్లిట్ ఫ్లాపు, ఆర్విల్ రైట్ 1920ల తొలినాళ్లలో జేకబ్స్ అనే సహచరుడితో కలిసి రూపొందించినది, ఎత్తుబలం కంటే నిరోధాన్నే ఉదారంగా ఇస్తుంది. చిన్న విమానానికి అదే ఒక్కోసారి మంచి బేరం. ఫ్లాపు ఒక వైపు మాత్రమే దిగి రెండో వైపు ఇరుక్కుపోతే విమానం పక్కకు పొర్లుతుంది కాబట్టి, రెండింటినీ ఒకే గొట్టానికి గట్టిగా బిగించడమే ఇంట్లో కట్టేవారికి మేలు.

అయితే ఫ్లాపు పెట్టుకోలేని విమానాలున్నాయి. కాలిఫోర్నియాలోని మొహావేలో బర్ట్ రుటాన్ రూపొందించి, 1979లో ఎగిరిన తరువాత నక్షల రూపంలో అమ్మిన లాంగ్-ఈజీకి చిన్న రెక్క ముందుంటుంది, పెద్ద రెక్క వెనుకుంటుంది, ఇంజను తోక వైపు నుంచి తోస్తుంది. వెనుక రెక్కకు ఫ్లాపు పెడితే అది ముక్కును కిందికి తోస్తుంది. ఆ తోపును ఎదుర్కోవడానికి ముందు రెక్క దగ్గర మిగులు బలం ఉండదు, ఎందుకంటే ముందు రెక్కే మొదట స్టాల్ అయి ముక్కు దానంతటదే వాలాలన్నది ఆ రూపకల్పనలోని భద్రతా సూత్రం. అందుకే రుటాన్ నిరోధాన్ని ఎత్తుబలం నుంచి పూర్తిగా విడదీసి, దేహం పొట్ట కింద తెరుచుకునే ఒక పలకను గాలిబ్రేకుగా పెట్టాడు. రెక్క కొనల్లోని రెండు చుక్కానులు వేర్వేరు పెడళ్లతో బయటి వైపుకే తిరుగుతాయి కనుక రెండింటినీ ఒకేసారి తొక్కితే అవీ కొంత నిరోధాన్ని జోడిస్తాయి. చక్రాల విషయంలోనూ అదే తూకం కనిపిస్తుంది: ప్రధాన చక్రాలు ఒకే ఫైబర్‌గ్లాస్ విల్లుకు స్థిరంగా ఉంటాయి, ముక్కు చక్రం మాత్రం చేతితో తిప్పే యంత్రాంగంతో లోపలికి ముడుచుకుంటుంది; పైలట్ దిగిపోతే బరువు వెనక్కి మొగ్గి విమానం ఇంజను మీద కూలబడుతుంది కనుక నిలిపేటప్పుడు ముక్కు చక్రాన్ని ముడిచి, మోకరిల్లిన భంగిమలో ఉంచుతారు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ మిశ్రమ పదార్థాల నిర్మాణం నేర్చుకోవడానికి ఎంచుకున్నది ఈ రూపకల్పననే. దాని ఆధారంగా కట్టిన విమానం 1987లో ఎగిరింది.

గ్లైడర్ల నుంచి వచ్చిన స్పాయిలర్లు రెక్క పైభాగం నుంచి నిలువుగా లేచే పలకలు. అవి నిరోధాన్ని పెంచుతూనే ఎత్తుబలాన్ని తగ్గిస్తాయి, కావలసినంత మేరకే తెరిచి మళ్లీ మూసుకోవచ్చు, నేలను తాకాక పూర్తిగా తెరిస్తే బరువు చక్రాల మీద పడి బ్రేకులు పట్టుకుంటాయి. కానీ స్టాల్ వేగాన్ని అవి తగ్గించలేవు సరికదా కొంత పెంచుతాయి, పైగా పలచటి రెక్కలో వాటి పెట్టెకు చోటు వెదకాలి. ఏ సాధనమూ లేనివారికి సైడ్‌స్లిప్ ఉండనే ఉంది: చుక్కానిని ఒకవైపు, రెక్క అంచు పలకలను రెండో వైపు తిప్పి దేహపు పక్క భాగాన్నే గాలికి ఎదురుగా పెట్టడం. విన్యాసాలు చేసే పిట్స్ స్పెషల్‌కు ఫ్లాపులు లేవు, దాని పైలట్లు ఇలాగే దిగుతారు. తరచు లెక్కలోకి రాని మరో గాలిబ్రేకు ప్రొపెల్లర్; కోణం మారే రకమైతే ఇంజను తగ్గించగానే దాని ఆకులు చదునుగా తిరిగి పెద్ద పళ్లెంలా గాలికి అడ్డం నిలుస్తాయి. స్థిరకోణపు ప్రొపెల్లర్ నుంచి దానికి మారినవారు మొదటి కొన్ని దిగుడుల్లో రన్‌వేకు ముందే కిందికి రావడం ఇందువల్లనే.

చక్రాలనూ నిరోధాన్నీ కలిపి ఆలోచించినవారిలో అందరికంటే ధైర్యం చూపినవాడు ఇంగ్లండుకు చెందిన ఐవన్ షా. ఆయన రూపొందించి 1992లో ఎగిరిన యూరోపా విమానానికి పొట్ట మధ్యలో ఒకే పెద్ద చక్రం, రెక్కల కింద సన్నని ఊత చక్రాలు, తోక కింద చిన్న చక్రం ఉంటాయి. సీట్ల మధ్యనున్న ఒకే లీవరును లాగితే ప్రధాన చక్రం, ఊత చక్రాలు, ఫ్లాపులు అన్నీ ఒకేసారి కదులుతాయి. పంపులు లేవు, మోటార్లు లేవు, మరచిపోవడానికి రెండో మీట కూడా లేదు. దీనికి చెల్లించే వెల ఏమిటంటే, చక్రం దిగి ఉన్నంతసేపూ ఫ్లాపులు కూడా దిగే ఉంటాయి. నేల మీద నడిచేటప్పుడూ, పైకి లేచేటప్పుడూ పైలట్‌కు వేరే దారి లేదు. పైగా ఒంటి చక్రం మీద పరుగును తిన్నగా ఉంచడానికి అభ్యాసం కావాలి. తరువాత అదే విమానానికి స్థిరమైన మూడు చక్రాల రకం వచ్చినప్పుడు చాలామంది దాన్ని ఎంచుకున్నారు. సొగసు విషయంలో ఒంటి చక్రానిదే పైచేయి అనక తప్పదు, కానీ కొనేవారు అడిగింది సొగసును కాదు.

ఏ ఎంపిక చేసినా దాని నిజస్వరూపం బయటపడేది పరీక్షా ప్రయాణాల్లోనే. అమెరికాలో కొత్త విమానానికి, ధ్రువీకరణ ఉన్న ఇంజను, ప్రొపెల్లర్ల జంటయితే సాధారణంగా 25 గంటలు, కాకపోతే 40 గంటలు నిర్ణీత ప్రాంతం దాటకుండా పరీక్షించాలని విధిస్తూ వచ్చారు. ఫ్లాపునో గాలిబ్రేకునో మొదటిసారి రన్‌వే దగ్గర తెరవకూడదు. వెయ్యి మీటర్లకు పైన తక్కువ వేగంలో కొద్దికొద్దిగా తెరుస్తూ ముక్కు ఎటు మొగ్గుతోందో, తోక వణుకుతోందో లేదో, స్టాల్ వేగం ఎంత మారిందో రాసుకోవాలి. తరువాత సాధనం పూర్తిగా తెరిచి ఉండగానే ఇంజనుకు పూర్తి శక్తినిచ్చి విమానం పైకి ఎక్కగలుగుతోందో లేదో చూడాలి, ఎందుకంటే మూసుకోని బ్రేకుతో దిగడం విరమించి మళ్లీ చుట్టు తిరగవలసి వచ్చిన రోజున మిగిలే ఎత్తు కొద్దిపాటిదే. ఎక్కలేకపోతే ఆ పలక వైశాల్యం తగ్గించాలి, లేదా అది తెరుచుకునే కోణానికి అడ్డుకట్ట వేసి మళ్లీ అదే ఎత్తుకు వెళ్లి పరీక్షించాలి.